మడతచాకు: కీలులోని కౌశలము

మనుష్యుడు నిత్యము వెంట నుంచుకొని తిరుగు పనిముట్లలో మడతచాకునకు ఉన్నన్ని విరుద్ధ ధర్మములు మరియొక దానికి లేవు. తెరచినప్పుడు అది నిశితమై, నిశ్చలమై, చేతి బలమునంతయు వాదరకు చేరవేయవలెను. మూసినప్పుడు అదే వాదర గుడ్డను గాని, తొడను గాని, తడుముకొను వ్రేళ్లను గాని తాకరాని విధముగా అణగి, జేబులో ఉన్నదన్న సంగతి కూడ మరపింపవలెను. ఒరగల కత్తికి ఈ సంకటము లేదు. దాని ఒర వేరు, పిడి వేరు. మడతచాకులో పిడియే ఒర. ఆ రెండు రూపముల నడుమ అలుగు దినమునకు అనేక పర్యాయములు ప్రయాణము చేయవలెను గనుక, ఆ ప్రయాణమునకు ఇరుసైన కీలు ఎంత నేర్పుతో నిర్మింపబడినదో చాకు యోగ్యత అంతయే. సంతలో చాకు కొనువారు ముందుగా చూచునది అలుగు తళతళలే గాని, చాకులతో చిరకాల పరిచయముగలవారు మొదట దానిని రెండు మూడు మారులు తెరచి మూసి, ఆ కదలికను చేతితోను చెవితోను పరీక్షింతురు. వారి పక్షమే నా పక్షము. ఉక్కును గురించియు, అలుగు మందమును గురించియు ఈ అధ్యాయములో చెప్పక తప్పదు. అయినను నా అభిమానము కీలుపైననే అధికమని ముందుగానే విన్నవించుచున్నాను.

మడత అను ఊహ ప్రాచీనమైనది. ఆస్ట్రియా దేశమందలి హాల్‌స్టాట్‌లో క్రీస్తుపూర్వము 6వ శతాబ్ది ప్రాంతమునకు చెందిన ఎముకపిడి మడతకత్తి లభించినది. రోమను సామ్రాజ్య కాలపు మడతకత్తులు యూరపు వస్తుప్రదర్శనశాలలలో పెక్కు కలవు. ఆనాటి కీలు ఒక్క సీల మాత్రమే. పిడిలోని చీలికకును అలుగు మొదటికిని నడుమ గల ఒరపిడియే అలుగును నిలిపి ఉంచెడిది. కొత్తలో బిగువుగా ఉండి, వాడుకలో అరిగి వదులై, తుదకు తనంతట తానే తెరచుకొనుట ఈ పద్ధతిలోని దోషము. 19వ శతాబ్ది చివర జపానులోని మికి పట్టణమున పుట్టిన హిగోనొకామి అను చాకులో అలుగు మొదటి నుండి ఒక తోకను పైకి సాగదీసి, కోయునప్పుడు బొటనవ్రేలు ఆ తోకపై ఆనునట్లు చేసి, కమాను లేకయే ఆ దోషమును చాలవరకు పోగొట్టిరి. వస్తువులోని లోపమును చేతి పట్టే పూరించుట అను ఈ ఉపాయము మిక్కిలి సొగసైనది.

ఇక వెన్నుకమాను సంగతి. 17వ శతాబ్దిలో షెఫీల్డు చాకులవారు వ్యాప్తికి తెచ్చిన ఈ నిర్మాణము నేటికిని ప్రపంచమందు కోట్లకొలది చాకులలో యథాతథముగా నడచుచున్నది. పిడి వీపు పొడవునా ఒక ఉక్కు పట్టీ ఉండును. అది నడుమను వెనుక కొనయందును సీలలతో బంధింపబడి, ముందు కొన మాత్రము స్వేచ్ఛ గలదై, అలుగు మొదటిని సర్వదా నొక్కుచుండును. అలుగు మొదలు గుండ్రనిది కాదు. దానికి చదునైన ముఖములు కలవు. ఒక ముఖముపై కమాను ఆనినప్పుడు చాకు మూసి ఉండును, మరియొక ముఖముపై ఆనినప్పుడు తెరచి ఉండును. ఒక స్థితి నుండి మరియొక స్థితికి పోవలెనన్న, ముఖముల నడిమి మూల కమానును పైకెత్తవలెను. ఎత్తబడిన కమాను వంగి, మన వ్రేలు ఖర్చుచేసిన శ్రమను స్థితిజశక్తిగా తనలో దాచుకొనును. మూల దాటిన మరుక్షణమే ఆ శక్తిని తిరిగి చెల్లించుచు అలుగును చివరివరకు లాగికొనిపోవును. భౌతికశాస్త్రజ్ఞుల పరిభాషలో ఇది రెండు లోయల నడుమ నిలిచిన ఒక గుట్ట. లోయలో ఉన్నదానిని గుట్ట దాటింపవలెనన్న బుద్ధిపూర్వకమైన ప్రయత్నము కావలెను. కావుననే జేబులోని కదలికలకు చాకు తెరచుకొనదు, కోతలోని చిన్న అదురులకు మూసుకొనదు. అలుగు మొదటిని చతురస్రముగా మలచినచో సగము దారిలో, లంబకోణమున, మూడవ లోయ యొకటి ఏర్పడును. మూయునప్పుడు అలుగు అక్కడ ఒక క్షణము ఆగును గనుక, ఆ విరామములో వ్రేళ్లను వాదర దారి నుండి తప్పించుకొనవచ్చును. ప్రత్యేకమైన భాగము ఏదియు చేర్పక, ఉన్న భాగమునకే ఒక ముఖము ఎక్కువ చెక్కి ఇంతటి రక్షణ సంపాదించుట నాకు మిక్కిలి ఇష్టమైన కల్పనలలో ఒకటి.

కమాను దిగి ముఖముపై పడునప్పుడు వినబడు ‘టక్కు’మను శబ్దమును చాకుప్రియులు ఒక గుణపరీక్షగా ఎంచుటలో వట్టి మోజు లేదు. కమాను ముఖమునకు పూర్తిగా ఆనినచో దెబ్బ ఒక్కమారుగా, ఒక్కచోటుగా తగిలి, శబ్దము స్ఫుటముగా ఉండును. ఎక్కడనైన సందున్నను, నూనెలో ధూళి చేరినను, అది మందమై ముద్దగా వినబడును. కంటికి కానరాని అమరికను చెవి పసికట్టుచున్నది.

ఈ కమాను బిగువుతో పెనగులాడి అలుగును తెరచుటకై దాని పార్శ్వమున, వీపునకు దగ్గరగా, నెలవంక ఆకారముతో చెక్కిన సన్నని గోటిగాడి ఉండును. బలమును సీల నుండి దాని దూరముతో హెచ్చవేసినంత తిరుగుడుబలము లభించును గనుక, గాడి సీలకు దూరమైనకొలది గోటికి శ్రమ తగ్గును. కాని మొనవైపునకు మరీ జరిపినచో వ్రేలు వాదర దిక్కుకు జారు భయము కలదు. మంచి చాకులో గాడి ఉన్న చోటు ఈ రెండింటి నడుమ కుదిర్చిన రాజీ. చవుకరకములలో గాడి చోటు తప్పి గోళ్లు విరుగుట అనుభవజ్ఞులకు తెలియును.

ఒక కమాను ఎన్ని పనులు చేయగలదను ప్రశ్నకు ఉత్తమమైన సమాధానము స్విట్జర్లాండు నుండి వచ్చినది. ఆ దేశపు సైన్యము తన భటులకు చాకు నియ్య నిశ్చయించినప్పుడు, కోయుటకు ఒక అలుగు, తోలునకు తూటు పొడుచుటకు ఒక మొల, డబ్బాలు కోయు సాధనము, కొత్తగా ప్రవేశపెట్టిన తుపాకిని విప్పుటకు ఒక స్క్రూడ్రైవరు, ఈ నాలుగును ఒకే పిడిలో ఇముడవలెనని కోరినది. స్వదేశములో అంత పనిని నిర్వహింపగల కర్మాగారము లేకపోవుటచే తొలి చాకులు జర్మనీలోని సోలింగెన్ నుండి రాగా, 1884లో ఇబాఖ్ గ్రామమున పని ప్రారంభించిన కార్ల్ ఎల్సెనర్ 1891 నుండి స్విట్జర్లాండులోనే చేసి సరఫరా చేయసాగెను. భటుల చాకు బరువైనది. దానికన్న తేలికయై, సాధనములు మాత్రము అధికముగా గల అధికారుల చాకును ఆయన 1897 జూను 12న తన పేర నమోదు చేయించెను. దానిలో సాధనములు ఆరు, కమానులు రెండు. ఒక్కొక్క కమాను ఒక ప్రక్క అలుగులను నొక్కుచు, అదే సమయమున మరియొక ప్రక్క వెన్నున అమర్చిన బిరడామరను, తూటుమొలను కూడ పట్టి ఉంచునట్లు ఆయన కూర్చెను. వంగిన కమాను రెండువైపులకును బలము చూపునన్నది ఎల్లరెరిగిన విషయమే. ఆ రెండవవైపు వృథాపోవుచున్నదని గుర్తించుటలో ఉన్నది ప్రతిభ. 1909లో తల్లి మరణించిన పిమ్మట ఆమె పేరు విక్టోరియాను సంస్థకు పెట్టి, 1921లో త్రుప్పుపట్టని ఉక్కునకు సంకేతమైన ‘ఇనాక్స్’ శబ్దమును దానికి జోడించుటచే విక్టోరినాక్స్ అను నామము ఏర్పడినది. తరువాతి కాలమున ఆ చాకులలో ఇరవై ముప్పది సాధనములను కూర్చినవి కూడ వచ్చినవి. పిడికిట పట్టని చాకు జేబుచాకు కాజాలదు గనుక, వానిపై నాకు మక్కువ లేదు. రెండు అలుగుల సన్నని రకము చాలును.

అయినను, ఒక్క చాకునే ఎంచుకొనుమని నన్నడిగినచో నేను చేయి చాచునది ఫ్రాన్సులోని సావోయ్ పర్వతసీమలో పుట్టిన ఒపినెల్ చాకు వైపునకే. పొలము పనిముట్లు చేయు కమ్మరుల కుటుంబములో జన్మించిన జోజెఫ్ ఒపినెల్ 1890లో, పదునెనిమిదేండ్ల వయస్సున, ఈ చాకునకు రూపము కల్పించెను. 1897 నాటికి 1 మొదలు 12 వరకు సంఖ్యలతో పరిమాణములు నిర్ణయింపబడెను. నేడు అధికముగా వాడుకలో ఉన్న 8వ సంఖ్య చాకు అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. పిడి ఒకే కొయ్యముక్క, సాధారణముగా బీచి కొయ్య. దానిని గుండ్రముగా చిత్రికపట్టి, రంపముతో చీలిక కోసి, అలుగును సీలతో బిగించి, కొయ్య చీలిపోకుండ కీలుచుట్టును ఒక లోహపు పొన్ను తొడుగుదురు. తొలినాళ్లలో అంతే, కమాను లేదు, గడియ లేదు. గ్రామీణుని చేతిలో అరువదియేండ్లకు పైగా ఆ చాకు కేవలము ఒరపిడితోనే నిలిచినది. 1955లో జోజెఫ్ కుమారుడు మార్సెల్ ఒపినెల్ ఆ పొన్నుపై మరియొక చీలిక ఉంగరమును తొడిగి, దానిని వ్రేలితో త్రిప్పినంత మాత్రముననే అలుగు మొదటికి అడ్డుపడి మడతను నిరోధించునట్లు చేసెను. తరువాత ఆ ఉంగరమే మూసిన చాకును కూడ తెరచుకొనకుండ బంధించునట్లు సవరింపబడెను. మొత్తము భాగములు ఐదు: పిడి, అలుగు, సీల, పొన్ను, ఉంగరము. వీనిలో దేనిని తొలగించినను చాకు కుంటుపడును. ఆరవ భాగము చేర్చుటకు చోటును అవసరమును రెండును లేవు.

ఈ చాకునకు ఒక లోపము కలదు; దాని కారణము కొయ్య స్వభావమునందున్నది. చెమ్మను పీల్చినప్పుడు కొయ్య పొడవునకు దాదాపుగా పెరుగదు గాని, నారకు అడ్డముగా ఉబ్బును. వానకాలమున పిడి చీలిక ఇరుకై అలుగును కరచిపట్టును, గోటికి లొంగదు. సావోయ్ జనులు అప్పుడు పిడి వెనుక కొనను బల్లపై చురుకుగా తట్టుదురు. ఆ దెబ్బకు పిడి ఆగును, అలుగు మాత్రము జడత్వముచే తన గతిని విడువక మొనను బయటికి చూపును. ఆ దేశస్థుల పేరుతోనే ప్రసిద్ధికెక్కిన ఈ చిట్కాలో న్యూటను ప్రథమ సూత్రము సంపూర్ణముగా ఉన్నది. పిడిని వాడకమునకు ముందు అవిసెనూనెలో నానబెట్టి ఆరనిచ్చినచో ఉబ్బు కొంత తగ్గును. మన కోస్తా గాలికి ఈ జాగ్రత్త అవసరము.

ఇతర గడియలను గురించి క్లుప్తముగా చెప్పెదను. వీపున మీటతో విడివడు గడియ 1964లో అమెరికాలో వెలువడిన బక్ 110 చాకుతో లోకప్రసిద్ధమైనది. 1980 తరువాత అమెరికా దేశస్థుడే అయిన మైకేల్ వాకర్ పిడిలోపలి రేకునే ఒక ప్రక్క చీల్చి కమానుగా వంచి, అలుగు తెరచుకొనగానే ఆ రేకు కొన దాని మొదటి వెనుకకు జారి అడ్డునిలుచునట్లు కల్పించెను. ఇందు శాస్త్రదృష్టికి రుచించు అంశము అలుగు మొదటిపై ఉన్న స్వల్పమైన వాలు. నున్నని ఉక్కుపై ఉక్కు జారుటకు కొంత కనీసపు వాలు కావలెను. అంతకన్న తక్కువ వాలుగల ముఖముపై ఎంత నొక్కినను రేకు వెనుకకు జారదు, పైగా మరింత బిగియును. వాడుకలో అరుగుదల కలిగినను రేకు ఆ వాలుపై మరికొంత ముందుకు జరిగి సందును తానే పూడ్చుకొనును. 1981లో కొలరాడో రాష్ట్రమున స్పైడర్కో సంస్థ స్థాపకుడు సాల్ గ్లెసర్ తన తొలి మడతచాకు అలుగులో ఒక గుండ్రని రంధ్రమును, పిడిపై జేబు అంచును పట్టు క్లిప్పును పెట్టెను. రంధ్రము వలన ఒక చేతి బొటనవ్రేలితోనే చాకు తెరచుట సాధ్యమైనది. రెండవ చేత త్రాడో కొమ్మో పట్టుకొన్నవానికి దీని విలువ తెలియును. గడియగల చాకులు కోతలో వ్రేళ్లను కాపాడుననుట సత్యమే. కాని కొన్ని దేశముల చట్టము వానిని వేరుగా చూచును. బ్రిటనులో గడియలేని, మూడంగుళములకు మించని మడతచాకును మాత్రమే కారణము చూపకుండ వెంట నుంచుకొనవచ్చును. వెన్నుకమాను చాకు నేటికిని బ్రతికియుండుటకు ఇదియు ఒక హేతువు.

ఉక్కు విషయమునకు వత్తము. ఇనుములో నూటికి ఒకపాలుకన్న కొంచెము తక్కువగా కర్బనము చేరినచో మంచి చాకు ఉక్కు సిద్ధించును. దానిని సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచి, హఠాత్తుగా నూనెలోనో నీటిలోనో ముంచినప్పుడు, వేడిలో ఇనుప స్ఫటికములలో కరగియున్న కర్బన పరమాణువులు బయటికి పోవు వ్యవధి లేక అందే చిక్కుకొని, స్ఫటిక జాలకమును సాగదీసి వక్రముచేయును. జర్మను శాస్త్రజ్ఞుడు ఆడాల్ఫ్ మార్టెన్స్ పేర మార్టెన్సైటు అనబడు ఈ రూపము గాజును గీయునంత కఠినమైనది, గాజువలెనే పెళుసైనది. ఆ పెళుసుతనమును కొంత పోగొట్టుటకు మరల సన్నసెగపై కాచుదురు. అప్పుడు నునుపుచేసిన ఉక్కుపై ఏర్పడు ఆక్సైడు పొర మందమునుబట్టి రంగులు పుట్టును: 220, 230 డిగ్రీల ప్రాంతమున ఎండుగడ్డి రంగు, పిమ్మట గోధుమ, ఊదా, 300 డిగ్రీలు సమీపించునప్పటికి నీలము. ఉష్ణమాపకములు లేని కాలమున కమ్మరి కన్నులే మాపకములు. అలుగును ఎండుగడ్డి రంగు వద్ద ఆపి కాఠిన్యము నిలుపుదురు. కమానును నీలము వరకు పోనిచ్చి వంగి లేచు గుణము నిత్తురు. ఒకే జాతి ఉక్కు ఒకే చాకులో రెండు స్వభావములతో ఎదురెదురుగా నిలిచి పనిచేయుచున్నదన్నమాట. విక్టోరినాక్స్ చాకులలో రాక్‌వెల్ మానముపై అలుగు కాఠిన్యము 56, కమాను కాఠిన్యము 49. ఆ ఏడు అంకముల అంతరములోనే ఆ చాకు దీర్ఘాయువు ఇమిడియున్నది.

జేబుచాకు చరిత్రలో భారతదేశపు ఉక్కునకు ఒక గౌరవస్థానము కలదు. 1794లో బొంబాయి నుండి హెలెనస్ స్కాట్ అను వైద్యుడు మూసలో కరగించి చేసిన ఈ దేశపు ఉక్కు ముద్దలను లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపెను. వాని పరీక్షలను జార్జి పియర్సన్ నిర్వహించి 1795లో ప్రకటించెను. ఆ సందర్భమున లండనులో శస్త్రచికిత్సా పరికరములు చేయు జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కు ముక్కను సాగగొట్టి, ఈకకలములు చెక్కు చిన్నచాకు నొకదానిని చేయగా, దాని వాదర ఉత్తమమైన ఉక్కుచాకు వాదరకు తీసిపోలేదని తేలినది. ఆ స్టోడార్టే తరువాత మైకేల్ ఫారడేతో కూడి, 1820 ప్రాంతమున, ఈ ఉక్కు రహస్యమును ఛేదింపగోరి ఇనుమును వెండి, ప్లాటినము మొదలగు లోహములతో కలిపి పరిశోధనలు చేసెను. విద్యుచ్ఛాస్త్రమునకు మూలపురుషుడుగా మనమెరిగిన ఫారడే కమ్మరి కుమారుడు! నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో ఈ జాతి ఉక్కును కరగించెడి కొలుములుండెడివి. దానికొరకు పారశీక వర్తకులు అంతదూరము వచ్చెడివారు. ఆ కొలుములు చల్లారిపోవుట మన పరిశ్రమల చరిత్రలో తీరని నష్టమని నా నమ్మకము.

సాధారణ కర్బనపు ఉక్కు చులకనగా సానపట్టును గాని, మామిడికాయ కోసి తుడువక ఉంచినచో ఒక్క పూటలో నల్లబారును. 1913లో షెఫీల్డు పరిశోధకుడు హారీ బ్రియర్లీ, తుపాకి గొట్టముల అరుగుదలను అరికట్టు ఉక్కును వెదకుచు, నూటికి పదుమూడు పాళ్ల ప్రాంతమున క్రోమియము కలిపినచో త్రుప్పు నిలుచునని గుర్తించెను. క్రోమియము గాలిలోని ఆక్సిజనుతో కూడి కొద్ది నానోమీటర్ల మందముగల పొరను అల్లును. గీత పడినచో ఆ పొర తనంతట తానే మరల పూడుకొనును. ఉప్పుగాలి దేశములలో ఉండువారికి నేనిచ్చు సలహా ఇదియే: త్రుప్పుపట్టని రకమును కొనుడు. కర్బనపు ఉక్కు ప్రీతి ఉన్నవారు ప్రతిదినము తుడుచు ఓపిక ఉన్నవారై ఉండవలెను.

ఎంతటి ఉక్కైనను మందమైన అలుగునకు అది వ్యర్థము. వాదర కోయుట యన్నది ఒత్తిడి విషయము. ఒక సెంటీమీటరు పొడవు వాదరపై ఒక కిలోగ్రాము బరువుతో నొక్కినప్పుడు, వాదర మందము 1 మైక్రానైనచో, దాని క్రింద ఒత్తిడి సుమారు 10,000 వాయుమండలములు. అదే మొద్దుబారి 10 మైక్రానులైనచో 1,000 మాత్రమే. మన తలవెంట్రుక మందము 70 మైక్రానుల ప్రాంతమని తలచినచో, పదును పోవుట ఎంత స్వల్పమైన మార్పో తెలియగలదు. కాని వాదర చేయునది ఆరంభము మాత్రమే. దాని వెనుక వచ్చు అలుగు ప్రక్కలు పదార్థమును రెండుగా ఎడబాపుచు పోవలెను. అలుగు బలిసినచో జామకాయ తెగుటకు బదులు పగులును. కోత ముఖము నున్నగా నుండక గరుకుగా నుండును. ఇందువలననే ఒకటిన్నర మిల్లీమీటరు ప్రాంతపు మందముతో, ప్రక్కలు రవ్వంత ఉబ్బెత్తుగా దిగు ఒపినెల్ అలుగు, దానికి రెట్టింపు మందముగల ఖరీదైన చాకులకన్న పండ్లలోను కొయ్యలోను సుఖముగా నడచును. మందము రెట్టింపైనచో వంగుటకు నిరోధము ఎనిమిది రెట్లగుననుట నిజమే. ఆ నిరోధమును కోరువారు చాకుతో మూతలు పెకలింపదలచినవారు. అట్టి పనికి గునపములున్నవి.

పల్చని అలుగు తరచుగా సానకు పోవును; సానపట్టినకొలది ఉక్కు అరిగి, అలుగు వెడల్పు తగ్గును. ఇక్కడ పాతకాలపు చాకులవారు దాచిన ఒక చిన్న దూరదృష్టిని చెప్పి ముగింతును. అలుగు మొదట, వాదర ప్రారంభమగు చోటికి ముందు, ఒక చిన్న బొడిపె ఉండును. మూసినప్పుడు కమానుపై ఆనునది ఆ బొడిపెయే. వాదర మాత్రము కమానుకు వెంట్రుకవాసి దూరమున ఆగును. అది లేనిచో కమాను లాగు వేగమునకు ప్రతి మూతతోను వాదర ఉక్కును గ్రుద్దుకొని మొద్దుబారును. మంచి పనివాడు ఆ బొడిపెను కావలసినదానికన్న కొంచెము ఎత్తుగనే విడుచును. ఏండ్ల తరబడి సానపట్టి మొన అరిగి, దాని ఆకారము మారి, మూసిన చాకులో కూడ మొన పిడి అంచుపైకి తలయెత్తి జేబును చించు దశ వచ్చినప్పుడు, ఆ బొడిపెను ఆకురాయితో రెండు మూడు పట్లు రాచినచో అలుగు మరికొంత లోతునకు దిగి, మొన తిరిగి పిడిలో అణగును.